డేటా సెంటర్‌కు కావలసిన ఎర్రరంగు

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట మెయిన్ రోడ్డులో కరెంటు స్తంభాల మీద నల్లటి కేబుల్ చుట్టలు వేలాడుతుంటాయి. లోపల ఉన్నది వెంట్రుకంత గాజుపోగు. దాని కొస కిరాణా కొట్టులోనో బట్టల షాపులోనో గోడకు బిగించిన తెల్లడబ్బాలో తేలుతుంది. డబ్బా మీద వరసగా నాలుగైదు లైట్లు మిణుకుమంటుంటాయి. వాటిలో ‘ఎల్ఓఎస్’ అని రాసిన లైటు ఎర్రగా వెలిగిందంటే చెల్లింపు ఆగిపోతుంది, బిల్లు కొట్టే కంప్యూటర్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, కేబుల్ కుర్రాడికి ఫోన్ మీద ఫోన్ వెళ్తుంది. ఆ ఎర్రలైటు చెప్పే సంగతి ఒక్కటే: గాజుపోగులోంచి వెలుగు రావడం లేదు.

ఊళ్లో తిరిగే డబ్బు, మాట, బొమ్మ అన్నీ ఇవాళ ఏదో ఒక మజిలీలో వెలుగుగా మారి ప్రయాణం చేసేవే. కంటికి కనబడే వెలుగు కాదది. ఇలాంటి కనెక్షన్లలో ఇంటికి చేరేది 1490 నానోమీటర్ల పరారుణ కాంతి. విద్యుత్తులో ఒకట్లూ సున్నాలుగా ఉన్న సమాచారాన్ని ఆ కాంతి మీదికి ఎక్కించడంలోనే ఉంది విద్యంతా. షాపు డబ్బాలో ఈ పని తేలిక. చిన్న లేజర్‌ను ఆర్పి వెలిగిస్తూ ఉంటే సెకనుకు 124 కోట్ల బిట్లు పంపేయొచ్చు. దూరం, వేగం పెరిగితే ఆ పద్ధతి సాగదు. ఆర్పి వెలిగించిన ప్రతిసారీ లేజర్ రంగు కాస్త చెదురుతుంది, చెదిరిన రంగు గాజులో పోనుపోను అలుక్కుపోతుంది. అందుకని పెద్ద దారుల్లో లేజర్‌ను వెలుగుతూనే ఉంచి, దాని ముందు ఒక తలుపు పెడతారు. సెకనుకు వేల కోట్లసార్లు తెరుచుకుని మూసుకునే ఆ తలుపు పేరు మాడ్యులేటర్.

ఆ తలుపు తీరు తెలియాలంటే కళింగపట్నం తీరంలో కాసేపు నిలబడితే చాలు. వంశధార సముద్రంలో కలిసేచోట అలలు ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఎత్తుకు ఎత్తు తోడైతే నీరు ఎగసిపడుతుంది. ఎత్తుకు పల్లం తగిలితే రెండూ అణిగిపోతాయి. మాడ్యులేటర్‌లో ఒకే వెలుగును రెండు దారులుగా చీల్చి, ఒక దారికి కాస్త వోల్టేజీ ఇచ్చి అక్కడ వెలుగు నడకను నెమ్మది చేస్తారు. సగం అల వెనకబడితే చాలు, రెండు పాయలూ మళ్లీ కలిసేచోట చీకటి. వోల్టేజీ తీసేస్తే వెలుగు. తలుపంటే ఇంతే. అయితే వోల్టేజీ తగిలితే వెలుగును నెమ్మది చేసే పదార్థం ఏది? ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు 40 ఏళ్లుగా ఈ ప్రశ్న మీదే కుస్తీ పడుతున్నాయి. దానికొక జవాబు ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు బాగా చేతనైన పనిలో ఉంది.

సిలికాన్‌తో అన్నీ చేసేస్తారు కదా అనుకోవచ్చు. ఇక్కడ సిలికాన్ చేతులెత్తేస్తుంది. దాని స్ఫటికంలో ఎటు చూసినా ఒకే అమరిక, కుడికీ ఎడమకీ తేడా లేదు. అలాంటి స్ఫటికంలో ఈ గుణం సున్నా. చిప్‌లో సిలికాన్ మాడ్యులేటర్లు ఉన్నా, అవి విద్యుత్ కణాలను అటూ ఇటూ నెట్టే మరో ఉపాయంతో నడుస్తాయి. దశాబ్దాలుగా ఈ పనిని మోస్తున్నది లిథియం నియోబేట్ అనే స్ఫటికం. గట్టిది, నమ్మకమైనది. కానీ వోల్టుకు అది చూపే స్పందన, శాస్త్రజ్ఞుల కొలమానంలో, 30 పైకోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అందుకే పాతకాలపు మాడ్యులేటర్లు సెంటీమీటర్ల పొడవుండేవి. ఇప్పుడు దాన్నే పలచని పొరగా చేసి చిప్ మీదికి తెస్తున్నారు. ఆ పని బాగానే సాగుతోంది.

మూడో దారి కర్బన అణువులది. వాటిని ఆర్గానిక్ ఎలక్ట్రో-ఆప్టిక్ పదార్థాలంటారు. ఆర్గానిక్ అనగానే ఇప్పుడు మన ఊళ్లల్లో జీవామృతం, ఎరువులేని బియ్యం గుర్తొస్తాయి. ఇక్కడ ఆ మాటకు కర్బన రసాయనం అని అర్థం, అంటే మందుబిళ్లల రసాయనం, బట్టల అద్దకం రంగుల రసాయనం. ఈ అణువుల్లో మంచివాటి స్పందన లిథియం నియోబేట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, 100 పైకోమీటర్లు దాటి కొన్ని వందల దాకా పోతుంది. వేగం ఇంకా గొప్పది. లిథియం నియోబేట్‌లో బరువైన అయాన్లు కూడా కదలాల్సి వస్తే, కర్బన అణువులో కదిలేది ఎలక్ట్రాన్ల మబ్బు ఒక్కటే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు ఇలాంటి అణువులను లోహపు సందులో నింపి 500 గిగాహెర్ట్జ్ దాకా పలికే మాడ్యులేటర్‌ను 2019లో ప్రకటించారు. దాని పొడవు మైక్రోమీటర్లలో లెక్క.

ఇదంతా నరసన్నపేటకు ఎందుకంటే, జవాబు విశాఖలో మొదలవుతుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్ కేంద్రం పెడతామని ప్రకటించింది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి విద్యుత్తు, సముద్రగర్భ కేబుళ్లు తీరానికి చేరే స్థావరం అందులో భాగం. ఒక గిగావాట్ అంటే సింహాద్రి ఎన్టీపీసీలో రెండు యూనిట్లు పూర్తిగా పనిచేస్తే వచ్చే కరెంటు. ప్రపంచం మొత్తం మీద డేటా సెంటర్లు 2024లో 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. 2030 నాటికి ఇది రెట్టింపు దాటుతుందని దాని అంచనా.

ఆ కరెంటులో కొంత, సమాచారాన్ని ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు మోయడానికే పోతుంది. రాగితీగలో వేగం పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ఇప్పటి వేగాలకు రాగి మీటరు, రెండు మీటర్లు దాటడమే కష్టం. అందుకే డేటా సెంటర్ల లోపల కూడా వెలుగే దిక్కవుతోంది. ఎక్కువ స్పందన ఉన్న పదార్థంతో తలుపు చేస్తే తక్కువ వోల్టేజీ చాలు, తక్కువ వోల్టేజీ అంటే తక్కువ కరెంటు. భూమి మనది, నీరు మనది, కరెంటు మనది. లోపల మెరిసే తలుపులన్నీ మాత్రం బయటినుంచే పెట్టెల్లో వస్తాయి. ఇలాగే జరగాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన ఎవరినైనా అడిగితే ఒక ప్రాక్టికల్ గురించి ఇష్టంగా చెబుతారు. టెస్ట్ ట్యూబ్‌లో అనిలీన్, కాస్త యాసిడ్. చుట్టూ ఐస్ ముక్కలు. కాలేజీ ఎదుట సోడా బండి దగ్గర తెచ్చిన ఐసైనా సరే, లోపల అయిదు డిగ్రీలు దాటకూడదు. చల్లగా ఉన్న సోడియం నైట్రైట్ నీళ్లు చుక్క చుక్కగా వేస్తారు. ఇంకో ట్యూబ్‌లో క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్ సిద్ధంగా ఉంటుంది. మొదటిదాన్ని రెండోదానిలో పోయగానే ఏ రంగూ లేని రెండు నీళ్లూ కలిసి ఒక్కసారిగా కుంకుమరంగుకు తిరుగుతాయి. అక్కడున్న పిల్లలందరి ముఖాలూ వెలుగుతాయి. రికార్డులో ‘స్కార్లెట్ రెడ్ డై, అరోమాటిక్ ప్రైమరీ అమీన్ కన్‌ఫర్మ్‌డ్’ అని రాసుకుని, ఎర్రనీళ్లు సింక్‌లో పారబోసి ఇంటికి పోతారు.

అదే చర్యను అనిలీన్ బదులు పారా నైట్రోఅనిలీన్‌తో మొదలుపెట్టి, బీటా నాఫ్తాల్ బదులు అనిలీన్ జాతికే చెందిన మరో అణువుతో కలిపితే డిస్పర్స్ రెడ్ 1 అనే రంగు వస్తుంది. కృత్రిమ దారాల బట్టలకు అద్దే మామూలు రంగు. అమెరికాలో ఏటీ అండ్ టీ పరిశోధకులు 1986లో ఈ రంగునే యాక్రిలిక్ ప్లాస్టిక్‌లో కలిపి, పలచని పొర చేసి, విద్యుత్ క్షేత్రంతో దాని అణువులను వరస పెట్టి, ఆ పొరలోకి పోయిన లేజర్ నుంచి రెట్టింపు పౌనఃపున్యం ఉన్న వెలుగును రాబట్టారు. ఎలక్ట్రో-ఆప్టిక్ పాలిమర్ల యుగానికి తలుపు తీసిన ప్రయోగాల్లో అదొకటి. షాపుల నేమ్‌బోర్డులకు వాడే యాక్రిలిక్, చీరలకు వాడే రంగు. రెండూ బజారు సరుకే.

ఆ రంగు అణువులో కిటుకేమిటి? దాని ఒక కొసన ఎలక్ట్రాన్లను ఇచ్చే అమీన్ గుంపు, మరో కొసన లాక్కునే నైట్రో గుంపు, నడుమ ఎలక్ట్రాన్లు జారే వంతెన. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, మధ్యలో దారి. వోల్టేజీ తగలగానే ఎలక్ట్రాన్ల మబ్బు ఒక కొసకు ఒరుగుతుంది, దాంతో వెలుగు నడక మారుతుంది. అయితే ఇలాంటి అణువులు కోటానుకోట్లు ప్లాస్టిక్‌లో చిందరవందరగా పడి ఉంటే ఒకటి అటు లాగితే ఇంకొకటి ఇటు లాగి మొత్తం ఫలితం సున్నా అవుతుంది. అన్నిటి తలలూ ఒకే దిక్కుకు తిరగాలి.

పొందూరు ఖద్దరు నేసే ఇళ్లలో ఇలాంటి పనే కళ్లారా చూడొచ్చు. కొండపత్తి గింజ మీద పీచు చిక్కుపడి ఉంటుంది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకను చేతపట్టి, దాని సన్నని పళ్లతో ఆ పీచును దువ్వుతారు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. చిక్కు విడి, చెత్త రాలి, పోగులన్నీ ఒకే వరసలోకి వస్తాయి. ఆ తర్వాతే గింజ నుంచి దూది వేరవుతుంది, ఏకు అవుతుంది, నూలవుతుంది. తొందరపడి ఈ దువ్వుడు తగ్గిస్తే ఆ నునుపు రాదు. పోగుకు తలా తోకా తేడా లేదు, అణువుకు ఉంది. అందుకని అణువుల దువ్వెన విద్యుత్ క్షేత్రమే కావాలి. ప్లాస్టిక్‌ను మెత్తబడే దాకా వేడి చేస్తారు, యాక్రిలిక్ అయితే దాదాపు 105 డిగ్రీలు. ఆ వేడిలో మైక్రోమీటరు మందానికి వంద వోల్టుల లెక్కన క్షేత్రం పెడితే అణువులు మెల్లగా తలలు తిప్పుకుంటాయి. క్షేత్రం తీయకుండానే చల్లారనిస్తే ఆ వరస అలాగే గట్టిపడుతుంది. దీన్ని పోలింగ్ అంటారు.

కష్టమంతా ఆ తర్వాతే. బలమైన అణువులు పక్కపక్కన చేరితే ఒకదాని తల ఇంకొకదాని తోకకు అతుక్కుని జంటలు కట్టేస్తాయి. వరస చెడుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారీ డాల్టన్ బృందం దీనికి మందు కనిపెట్టింది: అణువు నడుముకు లావుపాటి గుంపులు తొడిగి గుండ్రంగా చేస్తే అది ఇంకోదానికి దగ్గరగా జరగలేదు. 2000లో ఈ బృందం, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారితో కలిసి, ఒక్క వోల్టు లోపే పూర్తిగా తెరుచుకుని మూసుకునే పాలిమర్ మాడ్యులేటర్‌ను ‘సైన్స్’ పత్రికలో చూపించింది. ఆ ఉత్సాహంలో పుట్టిన లుమెరా అనే కంపెనీ ఎనిమిదేళ్లకే మరో కంపెనీలో కలిసిపోయింది. వేడికి అణువుల వరస సడలడం, గాలిలో ఆక్సిజన్, వెలుగు కలిసి రంగును వెలిసిపోయేలా చేయడం ఇప్పటికీ వెంటాడే సమస్యలే. 85 డిగ్రీల వేడిలో వేల గంటలు నిలిచిందని నిరూపిస్తే తప్ప టెలికాం కంపెనీలు ముట్టుకోవు.

ఈ విద్యకు తెలుగునేల కొత్తది కాదు. వోల్టేజీతో స్ఫటికంలో వెలుగు నడక మారే గుణాన్ని 1893లో విడమరిచి చెప్పినవాడు జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ పాకెల్స్. ఒత్తిడి పెడితే స్ఫటికంలో వెలుగు ఎలా మారుతుందో లెక్కగట్టిందీ ఆయనే. ఘనాకార స్ఫటికాలన్నిటికీ అందుకు మూడు స్థిరాంకాలు చాలునని ఆయన తేల్చాడు. దాదాపు అర్ధశతాబ్దం ఎవరూ ప్రశ్నించలేదు. 1942లో, విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడిన ఏడాదిలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు సూరి భగవంతం ఆ లెక్కలో తప్పు పట్టారు. ఘనాకార స్ఫటికాల్లో రెండు తరగతులకు మూడు కాదు, నాలుగు స్థిరాంకాలు కావాలని స్ఫటికాల సౌష్ఠవం మీద గ్రూప్ థియరీని నడిపించి చూపించారు. డి. సూర్యనారాయణతో కలిసి ప్రయోగంలోనూ దాన్ని నిలబెట్టారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన గ్రూప్ థియరీ గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాగితం, పెన్సిలుతో కూర్చున్న మనిషి యూరప్ పాఠ్యపుస్తకాన్ని దిద్దాడు. ఏ స్ఫటికంలో ఎలక్ట్రో-ఆప్టిక్ గుణం ఉంటుంది, ఎందులో ఉండదు అని చెప్పేదీ ఆ సౌష్ఠవ శాస్త్రమే. మొత్తం 32 తరగతుల్లో ఇరవైకే అది సాధ్యం. సిలికాన్‌కు లేనిదీ, లిథియం నియోబేట్‌కు ఉన్నదీ, రంగు అణువులకు మనం చేత్తో అమర్చి పెట్టేదీ ఆ సౌష్ఠవ లోపమే. భగవంతం తర్వాత ఉస్మానియాకు వెళ్లి భౌతికశాస్త్ర ఆచార్యుడిగా, ఉపకులపతిగా పనిచేశారు. అదే ఉస్మానియాలో టి.ఎస్. నరసింహమూర్తి స్ఫటికాల ఫోటోఎలాస్టిక్, ఎలక్ట్రో-ఆప్టిక్ గుణాల మీద రాసిన పెద్ద గ్రంథం 1981లో న్యూయార్క్ ప్లీనమ్ ప్రెస్ నుంచి వెలువడింది. ఆ రంగంలో పనిచేసేవారు ఇప్పటికీ తిరగేసే పుస్తకమది.

పాకెల్స్ ఇంట్లోనే ఇంకో కథ ఉంది. ఆయన అక్క ఆగ్నెస్‌కు విశ్వవిద్యాలయంలో చదువుకునే అవకాశం దొరకలేదు. బ్రన్స్‌విక్ పట్టణంలో ఇంటిపని చూసుకుంటూ, తమ్ముడు పంపిన పుస్తకాలు చదువుతూ, వంటింటి నీళ్లలో తేలే జిడ్డుపొర ఎలా పరుచుకుంటుందో ఒక రేకు తొట్టెలో కొలిచింది. ఆమె రాసిన ఉత్తరాన్ని లార్డ్ రేలీ 1891లో ‘నేచర్’ పత్రికలో వేయించాడు. ఆ తొట్టె పద్ధతి పెరిగి పెద్దదై, నీటి మీద అణువులను ఒకే వరసలో నిలబెట్టి గాజు మీదికి ఎత్తే లాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ విద్య అయింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టి.పి. రాధాకృష్ణన్ బృందం అలాంటి పొరల్లో అణువులను వరసపెట్టి వెలుగు పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే ప్రయోగాలు చేసింది. అక్కడే భౌతికశాస్త్రంలో డి. నారాయణరావు 1980ల నుంచి కర్బన పదార్థాల్లో లేజర్ ప్రభావాలను కొలిచారు. రాజదురై చంద్రశేఖర్ బృందం వంగే సన్నని కర్బన స్ఫటికాలను సూదిమొనతో కోసి, జరిపి, వెలుగుకు రహదారులు పేరుస్తోంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎల్. గిరిబాబు వంటివారు సౌరఘటాల కోసం చేస్తున్న రంగులు కూడా ఇదే ‘ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి’ అణువులు.

కొలవడం తెలుసు, అణువు గీయడం తెలుసు. ఇక చేసే చేతులు ఎక్కడున్నాయి?

పైడిభీమవరంలో ఉన్నాయి. పరవాడలో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఏటా మందుల పరిశ్రమల్లో చేరుతున్నారు. రియాక్టర్ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగితే బ్యాచ్ ఏమవుతుందో వాళ్లకు వాసనతో తెలుస్తుంది. నోవనగెల్ కండెన్సేషన్ అనే రసాయన చర్య వాళ్లకు పుస్తకంలో పేరు కాదు, రాత్రి షిఫ్టులో చేసే పని. ఆధునిక ఎలక్ట్రో-ఆప్టిక్ రంగుల్లో చాలావాటి చివరిమెట్టు సరిగ్గా ఆ చర్యే. అణువు స్వచ్ఛంగా లేకపోతే, లవణాల మలినం కాస్త మిగిలినా, పోలింగ్ వోల్టేజీ దగ్గర పొర కాలిపోతుంది. హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుని నూటికి 0.1 వంతు మలినాన్ని వెతికి పట్టడం నాణ్యత పరీక్ష విభాగంలో పనిచేసే నరసన్నపేట అమ్మాయికి రోజువారీ ఉద్యోగం. ఇంత నైపుణ్యం ఉన్న శ్రీకాకుళం జిల్లాను మన ప్రభుత్వాలు ఇంకా వలస జిల్లా అనే ఒక్క మాటతోనే చూడటం బాధ కలిగిస్తుంది.

సరుకు లెక్క కూడా ఆశ పుట్టించేదే. ఎనిమిది అంగుళాల చిప్ పలక మీద మైక్రోమీటరు మందాన పొర పోస్తే పట్టే పదార్థం ముప్పై మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. అందులో రంగు నాలుగో వంతు అనుకుంటే ఎనిమిది మిల్లీగ్రాములు. పలకను గిరగిరా తిప్పి పొర పరిచేటప్పుడు తొంభై శాతం చిమ్మిపోతుందనుకున్నా, ఒక్క గ్రాము రంగుతో పదీ పన్నెండు పలకలు పూయొచ్చు. మందుల వ్యాపారం టన్నులది, ఇది గ్రాములది. చిప్‌లు చెక్కే కర్మాగారం పెట్టాలంటే వేల కోట్లు కావాలి, అది శ్రీకాకుళంలో వస్తుందని ఆశపెట్టడం మోసమే. ఆ పనికి ఐఐటీ మద్రాసులో సిలికాన్ ఫోటోనిక్స్ కేంద్రం ఉంది. అక్కడ చెక్కిన చిప్‌లో వంద నానోమీటర్ల సందు వదిలితే, ఇక్కడ చేసిన రంగును అందులో నింపొచ్చు. జర్మనీలో కార్ల్స్‌రూహ పరిశోధకులు ఈ సిలికాన్-కర్బన కలయికతో ఏళ్లుగా మాడ్యులేటర్లు చేసి చూపిస్తున్నారు.

దీనివల్ల వేల ఉద్యోగాలు వస్తాయా అని అడిగితే రావనే చెప్పాలి. మొదట్లో యాభై మందికి పని దొరికితే గొప్ప. లిథియం నియోబేట్ పలచపొర ముందే పరుగు గెలిచేయనూ వచ్చు. కర్బన రంగులు ఎప్పటికీ వేడికి నిలవకపోనూ వచ్చు. అయినా ఈ ప్రయత్నం చేయవలసిందే. ఒక అణువును తామే గీసి, తామే వండి, తామే కొలిచిన విద్యార్థికి వచ్చే తెలివి ఇతరుల ఫార్ములాను టన్నుల్లో వండినప్పుడు రాదు. ఆ తెలివి రేపు సోలార్ పొరలోకైనా, సెన్సర్‌లోకైనా, కొత్త మందులోకైనా పనికొస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల పరిశ్రమలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఈ ప్రాంత ప్రజలు రసాయనం అనే మాట వింటేనే ఉలిక్కిపడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. గ్రాముల్లో చేసే పని కాబట్టి కొత్త ప్రయోగశాలలకు భద్రత అక్కర్లేదనుకోకూడదు. నైట్రో సమ్మేళనాలతో, డయజో లవణాలతో ఆటలు సాగవు. డయజో లవణం ఎండితే పేలుతుంది. ప్రతి కాలేజీ ల్యాబ్‌లో పొగను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, వాడేసిన ద్రావణాలు సింక్‌లో పోకుండా విడిగా పట్టే డబ్బాలు ముందు రావాలి. ఎర్రనీళ్లు సింక్‌లో పారబోసే అలవాటు మానడం నుంచే మొదలుపెట్టాలి.

ఎవరేం చేయొచ్చన్నది పెద్ద చిక్కుప్రశ్న కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. భగవంతం పనిచేసిన విభాగంలో ఎలక్ట్రో-ఆప్టిక్ కొలతల బల్ల ఒకటి పెట్టడం ఆ పండుగకు తగిన పని. టెంగ్, మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లో చూపిన పద్ధతికి కావలసినవి ఒక లేజర్, ధ్రువణ పలకలు, కాంపెన్సేటర్, కాంతిని పట్టే డిటెక్టర్, లాక్-ఇన్ యాంప్లిఫయర్. అన్నీ ఒక భోజనాల బల్ల మీద పట్టేస్తాయి. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో, ఆ పక్కనే ఉన్న ట్రిపుల్ ఐటీలో ఎమ్మెస్సీ, ఇంజినీరింగ్ పిల్లలకు ఈ రంగులు ప్రాజెక్టులుగా ఇవ్వొచ్చు. వారు చేసిన రంగును విశాఖలో పోలింగ్ చేసి కొలవొచ్చు, నచ్చినదాన్ని హైదరాబాద్‌కో మద్రాసుకో పంపొచ్చు. డేటా సెంటర్లకు భూమి, రాయితీలు ఇచ్చేటప్పుడు రాష్ట్రం ఒక చిన్న షరతు పెట్టొచ్చు: లోపల వాడే ఆప్టికల్ పరికరాల మీద పరిశోధనకు ఏటా ఇంత అని ఈ ప్రాంత విశ్వవిద్యాలయాలకు కట్టాలి. ఎకరాల ధర గురించి నెలల తరబడి బేరమాడే అధికారులకు ఈ ఒక్క వాక్యం రాయించడం కష్టమేం కాదు.

ఆరంభం ఇంకా చిన్నది కూడా కావచ్చు. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ పక్కన నిలబడి, గ్లౌజులు తొడుక్కుని, ఐస్‌లో పెట్టిన ట్యూబ్‌లో ఈసారి డిస్పర్స్ రెడ్ 1 చేయాలి. దాన్ని వడగట్టి, ఆల్కహాల్‌లో మళ్లీ స్ఫటికీకరించి శుద్ధి చేయాలి. యాక్రిలిక్ ముక్క కరిగించిన ద్రావణంలో చిటికెడు వేస్తే అది ముదురు ఎరుపుకు తిరుగుతుంది. పాత కంప్యూటర్ ఫ్యాన్ మీద గాజు స్లైడు అంటించి, రెండు చుక్కలు వేసి ఫ్యాన్ తిప్పితే అంచులకు ఎరుపు చిమ్మి, నడుమ అద్దంలాంటి పలచని పొర మిగులుతుంది. స్లైడును కిటికీ వైపు ఎత్తి చూస్తే వెలుగు దానిలోంచి దానిమ్మ గింజ రంగులో వస్తుంది. దాన్ని కాగితంలో చుట్టి, మీద తేదీ రాసి, విశాఖ బస్సులో పంపడమే తరువాయి.